గాలపు దారం: బలం చూచి ఎన్నుకొనడం
(సేద్యపు కుంటలలో కార్ప్ జాతి చేపలు పెంచుకొనే రైతుల కోసం చేసిన ప్రసంగం యొక్క పాఠం)



ఈనాడు నేను మీతో మాట్లాడదలచిన విషయం గాలపు దారం. విత్తనాలను గురించి, ఎరువులను గురించి, చీడపీడలను గురించి చెప్పుకొనే చోట ఈ దారం సంగతి ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. కాని సేద్యపు కుంట ఉన్న రైతులు చాలామంది అందులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదలి పెంచుకుంటున్నారు. ఇంట్లోకి రెండు చేపలు కావలసినప్పుడల్లా వల లాగి కుంటనంతా కలచనక్కరలేదు. ఒక వెదురు కర్ర, ఒక గాలం, గుప్పెడు తవుడు ముద్ద ఉంటే చాలును. కూర దొరుకుతుంది, చేపలు ఏ మేరకు ఎదిగినవో కూడ తెలుస్తుంది.

ఈ పనిముట్లన్నిటిలోను దారం చౌక. అయితే నష్టం వచ్చేది ఎక్కువగా దానివల్లనే. దారం తెగితే చేప పోవడం ఒక్కటే కాదు. ఆ చేప నోట గాలం గుచ్చుకొని, వెనుక బారెడు దారం ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఆ దారం ఎక్కడో తూటికాడ మొక్కలకో, తుమ్మకంపకో తగులుకుంటే చేప అక్కడనే కట్టుపడి చచ్చిపోతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆ గాలం, దారం గట్టు మీద గడ్డిలో మిగిలిపోతవి. పశువులు మేతను నాలుకతో చుట్టి పెరికి తింటవి గాని, మేకలవలె ఏరుకొని తినవు. గడ్డితోపాటు లోపలికి పోయిన ఇనుప ముక్క ఆవు పొట్టలోని నాలుగు అరలలో రెండవదానిలో, అనగా తేనెపట్టువంటి గళ్ళు ఉండే అరలో నిలిచిపోతుంది. అక్కడినుంచి ముందుకు గుచ్చుకుంటే గుండె దగ్గరలోనే ఉన్నది. ఈ విధంగా మేకులు, తీగముక్కలు మింగి పాడిపశువులు చనిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన సంగతి. గాలం కూడ అటువంటిదే.

కాబట్టి దారం ఎన్నుకొనడంలో మనం రెండు సంగతులు చూచుకొనవలెను. మొదటిది, దారం తెగకుండా ఉండవలెను. రెండవది, ఎప్పుడైనా తెగక తప్పకపోతే మనం అనుకున్న చోటనే తెగవలెను. ఈ రెండిటినీ గురించి క్రమంగా చెబుతాను.

నూలు దారానికీ నైలాను దారానికీ భేదం

మన పెద్దలు గాలానికి నూలు దారం, జనుము దారం వాడేవారు. అది నీటిలో నాని కుళ్ళిపోకుండా చెట్ల బెరళ్ళ కషాయంలో నానబెట్టి ఆరవేసేవారు. ఎంత శ్రద్ధ తీసికొన్నా అది కొన్నాళ్ళకు చీకిపోయేది.

1935లో అమెరికాలోని డూపాంటు కంపెనీ పరిశోధనాలయంలో వాలెస్ కరోదర్స్, ఆయన సహచరులు నైలానును కనుగొన్నారు. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకొక రకం నైలానును తయారు చేశాడు. ఈ రెండు రకాలే నేటికీ గాలపు దారాలకు ఆధారం. కరిగిన నైలానును సన్నని రంధ్రంగుండా లాగి, చల్లార్చి, మళ్ళీ సాగదీస్తే ఒకే పోగుగా నున్నని దారం వస్తుంది. దీనినే ఒంటిపోగు దారం అంటున్నాము. అంగళ్ళలో మోనోఫిలమెంటు అని అడిగితే ఇచ్చేది ఇదే.

ఇక్కడ ఒక తేడా జ్ఞాపకం ఉంచుకొనవలెను. నూలు దారం తడిసినప్పుడు బలం పెరుగుతుంది. నైలాను సంగతి దీనికి వ్యతిరేకం. అది కొంత నీటిని పీల్చుకొని మెత్తబడుతుంది, పొడిగా ఉన్నప్పటి బలంలో పదింట ఒక వంతుకు పైగా తగ్గుతుంది. అంగడిలో పొడి దారాన్ని రెండు చేతులతో లాగి చూచి, బాగున్నదని కొనడం అందుచేతనే సరికాదు. మనం వాడేది నీళ్ళలో కదా!

నూలుకు లేని గుణం నైలానుకు ఇంకొకటి ఉన్నది. అది సాగుతుంది. తెగబోయే ముందు తన పొడవులో నాలుగోవంతు వరకు సాగే దారాలు సామాన్యం. చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ అదటును ఈ సాగుడు మింగివేస్తుంది. బండికి కమానుపట్టీ ఎటువంటిదో గాలానికి ఈ సాగుడు అటువంటిది.

తెగుబలం లెక్క

దారపు చుట్టమీద సామాన్యంగా రెండు అంకెలు ఉంటవి. ఒకటి మందం, మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండవది ఎంత బరువుకు తెగుతుందో చెప్పేది. దీనిని తెగుబలం అందాము. కొన్ని చుట్టలమీద తెగుబలాన్ని కిలోలలోను, కొన్నిటిమీద పౌనులలోను వేస్తారు. పది పౌనులంటే సుమారు నాలుగున్నర కిలోలు. ఇది చూచుకొనక పది పౌనుల దారాన్ని పది కిలోల దారమనుకొని కొంటే సగం బలమైనా రాదు.

మందం రెట్టింపైతే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎందుకంటే బరువును మోసేది దారపు అడ్డుకోత వైశాల్యం. అందుచేత కొంచెం మందం పెంచినా బలం చాల పెరుగుతుంది. మంచి నైలాను ఒంటిపోగు దారాలకు పొడిగా, ముడి లేకుండా ఉండే తెగుబలం సుమారుగా ఈ విధంగా ఉంటుంది:

0.20 మి.మీ. మందం: 2.5 నుంచి 3 కిలోలు
0.25 మి.మీ. మందం: 4 నుంచి 4.5 కిలోలు
0.30 మి.మీ. మందం: 6 నుంచి 6.5 కిలోలు
0.35 మి.మీ. మందం: 8 నుంచి 9 కిలోలు
0.40 మి.మీ. మందం: 10.5 నుంచి 11.5 కిలోలు

ఈ అంకెలు మనసులో పెట్టుకొని అంగడికి పోతే మోసపోము. ఎవరైనా 0.25 మి.మీ. నైలాను దారం పది కిలోలు మోస్తుందని చెబితే, మందమైనా తప్పు, బలమైనా తప్పు. చాల సందర్భాలలో మందమే తక్కువ చేసి వేస్తారు. దానిని మీరే ఇంటివద్ద కొలుచుకొనవచ్చును. ఒక నున్నని పెన్సిలు మీద దారాన్ని పక్కపక్కనే సందు లేకుండా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా 50 చుట్లు చుట్టండి. చుట్టిన వెడల్పును స్కేలుతో కొలవండి. 15 మి.మీ. వస్తే దారం మందం 0.30 మి.మీ. అన్నమాట. 18 మి.మీ. వస్తే 0.36 మి.మీ.

ఇప్పుడు తీసివేతలు చూడండి. చుట్టమీద 6.5 కిలోలని ఉన్న 0.30 దారాన్ని తీసికొందాము. నీటిలో నానినందువల్ల నూటికి 15 వంతులు పోయినవనుకుంటే మిగిలింది 5.5 కిలోలు. మంచి ముడి వేస్తే దాని బలంలో నూటికి 85 వంతులు నిలుస్తుంది. అప్పుడు 4.7 కిలోలు. మామూలు పీట ముడి వేస్తే సగం పోతుంది. అప్పుడు మిగిలేది 2.75 కిలోలే. దారం అదే, ఖరీదు అదే. ముడి ఒక్కటి మారినందువల్ల రెండు కిలోల బలం గాలికి పోయింది. ఎక్కువ ఖరీదు దారం కొని చెడ్డ ముడి వేసేకన్న, సామాన్యపు దారం కొని మంచి ముడి వేయడం మేలు.

చేప బరువు, చేప గుంజుడు

“నాలుగు కిలోల చేపకు నాలుగు కిలోల దారం చాలదా?” అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు జవాబు ఒక మాటలో చెప్పలేము.

నీటిలో ఉన్న చేపకు బరువు లేదనే చెప్పవచ్చును. దాని కడుపులోని గాలితిత్తి దానిని నీటిలో తేల్చి ఉంచుతుంది. కాబట్టి నీటిలో ఉన్నంతసేపు దారం మీద పడేది చేప బరువు కాదు, దాని తోక విసురు. దారాన్ని నిదానంగా వదులుతూ, లాగుతూ అలసటపెడితే నాలుగు కిలోల దారంతో ఏడెనిమిది కిలోల చేపను కూడ ఒడ్డుకు తేవచ్చును. అదే చేపను దారంతో నీటిపైకి ఎత్తితే పూర్తి బరువు ఒక్కసారి పడుతుంది. అందులో అది ఒక్క దూకు దూకితే ఆ బరువు ఎన్నో ఇంతలవుతుంది. అందువల్ల చేపను దారంతో ఎప్పుడూ ఎత్తరాదు. పిడి ఉన్న చేతివల నీటిలో ముంచి పట్టుకొని, చేపను దానిమీదికి నడిపించి ఎత్తవలెను.

ఇక దారం పొడవు సంగతి. రీలు ఉన్న కర్రతో 30 మీటర్ల దూరంలో చేప పడిందనుకొనండి. అయిదోవంతు సాగే దారం 6 మీటర్లు సాగుతుంది. చేప గుంజుడుకు అంత జాగా దొరుకుతుంది. వెదురు కర్రకు 3 మీటర్ల దారం కట్టి వేస్తే అది సాగేది 60 సెంటీమీటర్లు మాత్రమే. రీలు లేదు కనుక వదలడానికి దారమూ లేదు. మిగిలిన ఆధారం కర్ర కొస వంగడం ఒక్కటే. అందుచేత రీలు లేనివారు రీలు ఉన్నవారికన్న మందపు దారం వాడవలెను. చిన్న కుంటకు సన్న దారం చాలుననే మాట చాలమంది అనుకొనేదే గాని, లెక్కకు నిలిచేది కాదు.

చేపల గుణాలు

మన కుంటలలోని కార్ప్ చేపలకు దవడలలో పళ్ళు ఉండవు. కనుక కొరమేనువలె, వాలుగవలె పెదవి దగ్గర దారాన్ని కొరికివేస్తవనే భయం లేదు. వాటి పళ్ళు గొంతులో ఉంటవి. మేతను అక్కడ నలిపి మింగుతవి. గాలాన్ని గొంతు దాకా మింగనిస్తే దారం ఆ పళ్ళమధ్య పడి నలుగుతుంది. బెండు మునిగిన తరువాత ఆలస్యం చేయకుండా గుంజితే గాలం పెదవికే పడుతుంది.

బొచ్చె పైనీటిలో తిరిగే చేప. నోరు పైకి తిరిగి ఉంటుంది. త్వరగా ఎదిగి పెద్దదవుతుంది కాబట్టి దానికి బలమైన దారం ఉండవలెను. శీలావతి నడినీటి చేప, చురుకైనది. ఎర్రమోసు అడుగున మేస్తుంది. అడుగున రాళ్ళు, నత్తగుల్లలు, మోళ్ళు ఉంటవి గనుక దారానికి ఒరపిడి ఎక్కువ.

బంగారుతీగ విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. ఈ చేప మన దేశపుది కాదు. నేడు కుంటలలో ఎక్కువగా కనిపించే రకం 1957లో బాంకాకు నుంచి వచ్చింది. దీని వీపు రెక్కలో మొదటి పెద్ద ముల్లు వెనుకవైపు రంపపు పళ్ళవలె ఉంటుంది. బొచ్చెకు, శీలావతికి, ఎర్రమోసుకు అటువంటి ముల్లు లేదు. బంగారుతీగ పొర్లినప్పుడు దారం ఆ రంపానికి తగిలితే గీతలు పడుతుంది. ఈ చేప ఎక్కువగా ఉన్న కుంటలో ఒక మెట్టు మందపు దారం వాడి, ఒక్కొక్క చేప పడిన తరువాత గాలం దగ్గరి దారాన్ని తడిమి చూచుకొనవలెను.

గడ్డిచేప 1959లో హాంగ్‌కాంగ్ నుంచి వచ్చింది. ఒడ్డు దగ్గరకు వచ్చే వరకు నెమ్మదిగా ఉండి, చేతివల చూడగానే ఒక్క ఊపున పారిపోవడం దానికి అలవాటు. ఆ సమయంలో దారం బిగించి పట్టుకుంటే తెగుతుంది. అదే సంవత్సరం జపాను నుంచి వచ్చిన వెండిచేప నీటిలోని సూక్ష్మమైన నాచును వడకట్టి తినేది కనుక గాలానికి సామాన్యంగా పడదు.

ఏ దారం కొనవలెను?

సేద్యపు కుంటలో ఒకటి రెండు కిలోల చేపలుండి, రీలు లేని వెదురు కర్ర వాడేవారికి 0.35 మి.మీ. దారం సరిపోతుంది. మూడు నాలుగు కిలోల చేపలుంటే 0.40 వాడండి. రీలు ఉన్నవారికి శుభ్రమైన కుంటలో 0.30 చాలును. పెద్ద చెరువులలో, జలాశయాలలో తుమ్మమోళ్ళు, రాతికట్టలు ఉన్నచోట, పది కిలోల బొచ్చె పడే అవకాశం ఉన్నచోట, రీలు ఉన్నా 0.40 కన్న తగ్గవద్దు.

ఇంకా మందపు దారం కొంటే ఇంకా మంచిది కదా అనవచ్చును. అక్కడ కూడ ఒక హద్దు ఉన్నది. మందపు దారం బిరుసుగా ఉండి చుట్టలు చుట్టలుగా లేస్తుంది. చేప ఎరను నోటితో పీల్చుకొని చూచే సమయంలో ఆ బిరుసు దానికి తెలిసి వదిలివేస్తుంది. అంతేగాక, గాలం చిన్నదై దారం మరీ బలమైనదైతే దారానికి బదులు గాలమే సాగి నిటారుగా అవుతుంది. గాలానికి, దారానికి, కర్రకు పొత్తు ఉండవలెను.

రంగును గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. మన కుంటల నీరు పచ్చగానో, ఎర్రమట్టి రంగుగానో ఉంటుంది. రంగు లేని దారమైనా, లేత ఆకుపచ్చ, గోధుమరంగు దారమైనా పనికివస్తుంది.

అల్లిన దారాలు కూడ అంగళ్ళలో ఉన్నవి. అదే మందానికి అవి నైలానుకన్న చాల ఎక్కువ బరువు మోస్తవి. కాని అవి సాగవు. రీలు లేని కర్రకు కట్టితే చేప అదటంతా గాలం మీదనో, చేతిమీదనో పడుతుంది. చేతిని కోస్తుంది కూడాను. మన పనికి ఒంటిపోగు నైలానే అనుకూలం.

కొనేటప్పుడు చుట్టను అటూ ఇటూ తిప్పి చూడండి. అంగడి ముందు ఎండలో వ్రేలాడదీసిన చుట్టను తీసికొనవద్దు. దారం గాజువలె నున్నగా, ఒకే మందంగా ఉండవలెను. కొస పట్టుకొని బారెడు దారాన్ని వేలిగోరు మీదుగా జార్చి చూస్తే గరుకులు, ఉబ్బులు తెలుస్తవి.

ముడి వేసే విధం

అనేక రకాల ముళ్ళు ఉన్నవి. అందులో తేలికగా నేర్చుకొనదగినది, బలమైనది ఒకటి చెబుతాను. దీనిని పాలొమారు ముడి అంటారు.

దారపు కొసను మడిచి జంటపోగు చేసి, గాలపు కంటిలోనుంచి జానెడు దాటించండి. ఆ జంటపోగుతో ఒక మామూలు ముడిని వదులుగా వేయండి. ఇప్పుడు మడత ఒక ఉచ్చువలె మిగిలి ఉంటుంది. గాలాన్ని పూర్తిగా ఆ ఉచ్చులోనుంచి దాటించండి. తరువాత ముడిని ఉమ్మితోగాని, నీటితోగాని తడిపి, దారాన్నీ కొసనూ కలిపి నెమ్మదిగా బిగించండి. మిగిలిన కొసను రెండు మిల్లీమీటర్లు వదలి కత్తిరించండి.

తడపడం ముఖ్యం. పొడి దారాన్ని గబాలున బిగిస్తే ఒరపిడికి వేడి పుట్టి నైలాను పైపొర చెడుతుంది. అటువంటి ముడి దగ్గర దారం తెల్లబడి, వంకరలు తిరిగి కనిపిస్తుంది. అట్లా కనిపిస్తే కోసివేసి మళ్ళీ వేసికొనవలెను.

ఇంటివద్ద పరీక్ష

దారపు నిజమైన బలాన్ని తెలిసికొనడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక బకెట్టు, ఒక లీటరు కొలత ఉంటే చాలును. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు ఉంటుంది.

రెండు బారల దారాన్ని కోసి రెండు గంటలసేపు నీటిలో నానవేయండి. ఒక నున్నని, గుండ్రని కర్రను దూలానికో, చెట్టుకొమ్మకో అడ్డంగా కట్టండి. దారపు ఒక కొసను ఆ కర్రచుట్టూ పది చుట్లు చుట్టి ఆపండి. అక్కడ ముడి భారం పడదు గనుక అక్కడ తెగదు. రెండవ కొసను గాలపు కన్నంత మందం ఉన్న ఇనుప రింగుకు మీరు మామూలుగా వేసే ముడితోనే కట్టండి. ఆ రింగుకు ఖాళీ బకెట్టు తగిలించండి. బకెట్టు అడుగు నేలకు జానెడు ఎత్తులో ఉండవలెను. కాళ్ళు దూరంగా పెట్టుకొనండి. పిల్లలను దగ్గరకు రానీయవద్దు.

తరువాత లీటరు లీటరుగా నీటిని నెమ్మదిగా పోయండి. తెగినప్పుడు ఎన్ని లీటర్లు పోసినారో దానికి బకెట్టు బరువు కలుపుకుంటే అదే మీ దారపు తడి బలం, ముడితో సహా. ఈ పరీక్షను మూడుసార్లు చేసి, మూడిటిలో తక్కువ వచ్చిన అంకెనే లెక్కకు తీసికొనండి. ఎక్కడ తెగిందో కూడ చూడండి. ముడి దగ్గర తెగడం సహజం. నడుమ తెగితే ఆ దారంలో గీత ఉన్నట్లు, లేదా దారమే పాతబడినట్లు.

రీలు ఉన్నవారు ఈ అంకెను ఇంకొక పనికి వాడుకొనవలెను. రీలుకు దారాన్ని వదిలే బిగింపు మర ఒకటి ఉంటుంది. దారపు కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూడండి. తడి బలంలో నాలుగోవంతు నుంచి మూడోవంతు లోపల రీలు దారం వదలడం మొదలుపెట్టవలెను. 4.7 కిలోల దారానికి 1.2 నుంచి 1.5 కిలోల దగ్గర వదిలేటట్లు బిగించుకుంటే చేప ఎంత గుంజినా దారం తెగదు.

తెగితే ఎక్కడ తెగవలెను?

ఎంత జాగ్రత్తపడినా ఒకప్పుడు గాలం మోడుకు తగులుకుంటుంది. అప్పుడు లాగితే దారం ఎక్కడో ఒకచోట తెగుతుంది. కర్ర దగ్గర తెగితే బారలకు బారలు నీటిలో మిగులుతుంది. అందుకని గాలానికి దగ్గరగా ఒక మూరెడు కొసదారం వేరుగా కట్టుకొనండి. అది పెద్ద దారంకన్న ఒక మెట్టు సన్నగా ఉండవలెను. పెద్ద దారం 0.40 అయితే కొసదారం 0.35. ఈ రెండిటినీ ఒక చిన్న తిరుగుడు కడియంతో కలపండి. అప్పుడు తెగినా మూరెడు దారమే పోతుంది.

బరువుకు సీసపు గుండు బదులు ఒక చిన్న ఇనుప నట్టును వాడండి. సీసం విషపదార్థం. దానిని మింగిన బాతులు, కొంగలు చచ్చిపోతవి. ఆ నట్టును సన్నని నూలు దారంతో కట్టండి. అది ఎక్కడైనా ఇరుక్కుంటే నూలు తెగి చేప వదులవుతుంది. చీకిపోయే గుణం నూలుకు లోపమని అనుకున్నాము గాని, ఈ చోట ఆ గుణమే మనకు ఉపయోగం.

జాగ్రత్తలు

నైలానుకు ఎండ శత్రువు. కర్రను గుడిసె కప్పుమీదనో, గట్టుమీదనో వదిలివేస్తే ఒక్క వేసవికే దారం పెళుసెక్కుతుంది. నీడలో, గుడ్డసంచిలో దాచండి. బ్యాటరీ ఆమ్లం, బ్లీచింగు పొడి ఉన్నచోట దారం పెట్టవద్దు. ఈ రెండూ నైలానును తినివేస్తవి. కుంటకు వేసే బ్లీచింగు పొడిని, గాలపు సామానును ఒకే గదిలో, ఒకే పెట్టెలో ఉంచడం కొన్ని ఇళ్ళలో చూస్తూనే ఉన్నాము.

గాలం వేసే ప్రతి రోజూ గాలం దగ్గరి రెండు మూరల దారాన్ని వేళ్ళ మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అంతవరకు కోసివేసి కొత్త ముడి వేయండి. దారం మెరుపు తగ్గి తెల్లబారినా, వంచితే బిరుసుగా ఉన్నా మార్చివేయండి. ఎక్కువగా వాడేవారు ఏటా కొత్త దారం వేసికొనడం మంచిది.

దారాన్ని చేతికి చుట్టుకొని చేపను లాగరాదు. పెద్ద చేప పరుగెత్తితే సన్న దారం కత్తివలె కోస్తుంది. కుంటగట్టున మోటారుకు కరెంటు తీగలు పోయే చోట పొడవైన కర్రను ఎత్తి విసరవద్దు. కార్బను కర్రలు విద్యుత్తును ప్రసరింపజేస్తవి. తడిసిన వెదురును కూడ నమ్మవద్దు.

కోసివేసిన ముక్కలను గట్టుమీద పారవేయకండి. నైలాను నూలువలె కుళ్ళి మట్టిలో కలిసేది కాదు. పక్షుల కాళ్ళకు చుట్టుకుంటుంది, గాలినిచ్చే ఏరేటరు ఇరుసుకు, మోటారు పంఖాకు పేనుకుంటుంది, మేతలో కలుస్తుంది. ఒక డబ్బా వెంట తీసికొనిపోయి ముక్కలన్నీ అందులో వేసి ఇంటికి తెండి. అంగుళం అంగుళంగా కత్తిరించి చెత్తలో వేయండి. కాల్చవద్దు. విరిగిన గాలాలను మూత ఉన్న సీసాలో వేయండి.

మరొక మాట. మీ సొంత కుంటలో మీకు అడ్డు లేదు. ఊరి చెరువు సంగతి వేరు. చాల చెరువులను మత్స్యకారుల సహకార సంఘాలు గుత్తకు తీసికొని, డబ్బు పెట్టి పిల్లలను వదలి పెంచుతున్నవి. ఆ చేప వారి కష్టఫలం. వారి అనుమతి లేనిదే గాలం వేయరాదు. నదులలో, జలాశయాలలో చేపలు గుడ్లు పెట్టే వానకాలంలో ఏమి నియమాలున్నవో మత్స్యశాఖవారిని అడిగి తెలిసికొనండి.

ముగింపు

ఇంతవరకు చెప్పినదానిని క్లుప్తంగా జ్ఞాపకం చేస్తాను. చుట్టమీది అంకెను నమ్ముకొనక, పెన్సిలుతో మందం, బకెట్టుతో బలం మీరే కొలుచుకొనండి. ఆ కొలత తడి దారానికి, ముడితో సహా ఉండవలెను. రీలు లేనివారు ఒక మెట్టు మందం వాడండి. ముడిని తడిపి బిగించండి. గాలం దగ్గర ఒక మెట్టు సన్నని కొసదారం కట్టండి. చేపను చేతివలతో ఎత్తండి. ఒక్క ముక్క దారం కూడ గట్టుమీద వదలకండి.

ఈ బకెట్టు పరీక్షకు ఒక పూట పడుతుంది. మీ ఊళ్ళో నలుగురు కలిసి, తలా ఒక రకం దారం తెచ్చుకొని ఒకే రోజున పరీక్ష చేసి, వచ్చిన అంకెలను ఒక కాగితం మీద వ్రాసిపెట్టుకుంటే, ఏ దారం కొనదగినదో మీకే తెలుస్తుంది. తరువాత అంగడివాని మాటతో మీకు పని ఉండదు.